ఎఫ్7 మీద పడ్డ గుర్రం: ఓ హనుమకొండ గేమ్, నాలుగు వందల ఏళ్ల ఓపెనింగ్

హనుమకొండలో ఆదివారం పూట ఏ ఓపెన్ చెస్ టోర్నీకి వెళ్లినా, రెండో మూడో రౌండ్‌లో కింది బోర్డుల దగ్గర కాసేపు నిలబడితే ఈ గేమ్ కనిపిస్తుంది. ఆడేవాళ్ల పేర్లు మారతాయి, ఎత్తులు పెద్దగా మారవు. తెల్లపావుల వైపు కోచింగ్‌కు వెళ్తున్న పిల్లవాడు ఉంటాడు. నల్లపావుల వైపు ఇంట్లో ఫోన్‌లో ఆడి బాగానే నేర్చుకున్న మరో పిల్లవాడో, ఆఫీసుకు సెలవు కాబట్టి సరదాగా పేరిచ్చిన ఉద్యోగో ఉంటాడు. మొదటి ఎనిమిది ఎత్తులు చకచకా అయిపోతాయి. పద్దెనిమిదో ఎత్తు దగ్గర షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటారు. బయట టిఫిన్ డబ్బాతో కూర్చున్న తల్లిదండ్రులకు చేరే వార్త ఒక్కటే: "ట్రాప్‌లో పడ్డాడు."

ఆ మాట సగమే నిజం. ఓడినవాడు ఒక్కసారి ట్రాప్‌లో పడలేదు. మూడుసార్లు దారి చీలిన చోట నిలబడ్డాడు. మూడుసార్లూ ఎదురుదెబ్బ తీసే ఎత్తు పక్కన పెట్టి, చేతికి ముందుగా తగిలే ఎత్తు వేశాడు. గెలిచినవాడు కూడా అందరూ అనుకున్నంత గొప్ప ఎత్తు వేసి గెలవలేదు. అలాంటి గేముల్లో ఒక మాదిరి గేమ్‌ను తీసుకుని ఎత్తు ఎత్తుగా చూడటమే ఇక్కడి పని. గడుల పేర్లు తెలిస్తే చాలు, గ్రాండ్‌మాస్టర్ కానక్కర్లేదు. పక్కన బోర్డు పెట్టుకుంటే మాత్రం మంచిది.

గేమ్ మొత్తం ఇది (× అంటే తినడం, చెక్ అంటే రాజు మీద దాడి, క్యాస్లింగ్ అంటే రాజును, రూక్‌ను ఒకే ఎత్తులో కదపడం):

1. ఇ4 ఇ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6
3. బిషప్ సి4, గుర్రం ఎఫ్6
4. గుర్రం జి5, డి5
5. ఇ×డి5, గుర్రం×డి5
6. గుర్రం×ఎఫ్7, రాజు×ఎఫ్7
7. క్వీన్ ఎఫ్3 చెక్, రాజు ఇ6
8. గుర్రం సి3, గుర్రం ఇ7
9. డి4, సి6
10. బిషప్ జి5, హెచ్6
11. బిషప్×ఇ7, బిషప్×ఇ7
12. క్వీన్ వైపు క్యాస్లింగ్, క్వీన్ డి6
13. డి×ఇ5, క్వీన్×ఇ5
14. హెచ్ రూక్ ఇ1, క్వీన్×ఇ1
15. రూక్×ఇ1 చెక్, రాజు డి6
16. గుర్రం×డి5, సి×డి5
17. క్వీన్×డి5 చెక్, రాజు సి7
18. రూక్×ఇ7 చెక్. నల్లపావులు ఓటమి ఒప్పుకున్నాయి.

మొదటి మూడు ఎత్తులతో వచ్చేది ఇటాలియన్ గేమ్. మూడో ఎత్తుకు నల్లపావులు గుర్రాన్ని ఎఫ్6లో పెడితే దాన్ని టూ నైట్స్ డిఫెన్స్ అంటారు. ఆట మొదలైన స్థితిలో ఎఫ్7 గడిని కాసేది ఒక్క రాజే. మిగతా బంట్లన్నింటికీ వెనక ఏదో ఒక పెద్ద పావు తోడుంటుంది, ఎఫ్7కు ఆ భాగ్యం లేదు. సి4లో ఉన్న తెల్ల బిషప్ చూపు అక్కడే పడుతుంది. దానికి జి5 గుర్రం తోడైతే ఒక్క రాజు కాపలా చాలదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మూడో ఎత్తుకు నల్లపావులు బిషప్‌ను సి5లో పెట్టి ఉంటే గుర్రం జి5కి వచ్చేదే కాదు. వస్తే డి8లోని నల్ల క్వీన్ ఒక్క ఊపులో వచ్చి దాన్ని తినేస్తుంది. ఎఫ్6కి గుర్రం రావడంతో క్వీన్ చూపు మూసుకుపోయింది, జి5 గడి తెల్లపావులకు దొరికింది. అంటే ఈ దాడికి తలుపు తెరిచింది నల్లపావులే. అలాగని ఎఫ్6 తప్పు ఎత్తు కాదు. ఇ4 బంటు మీద దాడి చేస్తూ గుర్రాన్ని బయటికి తెచ్చే మంచి ఎత్తే. కాకపోతే అది వేసేవాడు జి5కు జవాబు ముందే తెలుసుకుని వేయాలి. మన టోర్నీల్లో జరగనిది అదే. గుర్రం జి5లో వాలాక గానీ ఆలోచన మొదలవదు.

జి5 గుర్రానికి ఉన్న చరిత్ర కూడా తమాషా అయినదే. ఓపెనింగ్‌లో ఒకసారి కదిపిన పావును మిగతావి కదలకముందే రెండోసారి కదపొద్దని ప్రతి కోచ్ మొదటి నెలలోనే చెబుతాడు. జర్మన్ మాస్టర్ సీగ్‌బెర్ట్ టార్రాష్‌కు ఆ నియమం మీద ఎంత పట్టుదలంటే, ఈ ఎత్తును ఆట రానివాళ్ల ఎత్తని కొట్టిపారేశాడు. తొలి ప్రపంచ చాంపియన్ విల్‌హెల్మ్ స్టెయినిట్జ్ మాత్రం దాన్నే ఆడాడు. బాబీ ఫిషర్ కూడా ఆడాడు. 1963లో న్యూయార్క్ స్టేట్ ఓపెన్‌లో ఆర్థర్ బిస్‌గయర్ మీద ఇదే ఎత్తుతో మొదలుపెట్టి గెలిచాడు. నియమాన్ని ఉల్లంఘిస్తే ఏదో ఒక లాభం కళ్ల ముందు కనబడాలి. ఇక్కడ కనబడుతోంది: నల్లపావులు ఎలా ఆడినా తెల్లపావులకు కనీసం ఒక బంటు దొరికే అవకాశం ఉంది.

నాలుగో ఎత్తుకు నల్లపావుల డి5 సరైనదే. బిషప్ దారికి అడ్డం పడే ఎత్తు అదే. తెల్ల బంటు డి5ను తింటుంది. ఇక మొదటి చీలిక వచ్చేసింది.

పోయిన బంటుకు బంటు తినాలనిపించడం సహజం. ఎఫ్6 గుర్రం డి5ను తింటే లెక్క సమం అవుతుంది, గుర్రం బోర్డు నడిమధ్యకు వస్తుంది, చూడటానికి కూడా బాగుంటుంది. ఈ గేమ్‌లో నల్లపావులు అదే చేశాయి. కానీ అలా చేయగానే డి5 గుర్రం సి4 బిషప్‌కు ఎదురుగా నిలబడింది. ఎఫ్7ను కాస్తున్నది ఇప్పటికీ ఒక్క రాజే. తెల్లపావులకు ఇక్కడ ఒకటి కాదు, రెండు మంచి మార్గాలు ఉన్నాయి.

సరైన జవాబు తినడం కాదు, సి6లోని గుర్రాన్ని ఏ5కు పంపి బిషప్‌ను తరమడం. బోర్డు అంచున గుర్రం పెట్టొద్దనే మాట కూడా మొదటి నెలలో చెప్పేదే. అందుకే ఈ ఎత్తు మనవాళ్ల చేతికి రాదు. దాని తర్వాత ఆట సాధారణంగా ఇలా సాగుతుంది: బిషప్ బి5లో చెక్ ఇస్తుంది, నల్లపావులు సి6తో అడ్డం పెడతాయి, డి5 బంటు సి6ను తింటుంది, బి బంటు దాన్ని తినేస్తుంది, బిషప్ వెనక్కి ఇ2కు పోతుంది. హెచ్6తో జి5 గుర్రాన్ని ఎఫ్3కి తోలేస్తే, ఇ4కు తోసిన నల్ల బంటు దాన్ని మళ్లీ ఇ5కు పరుగెత్తిస్తుంది. అప్పుడు నల్ల బిషప్ డి6లోకి వచ్చి ఇంకోసారి కదలమంటుంది.

ఆ స్థితిని ఒకసారి కళ్లారా చూడాలి. తెల్లపావులకు ఒక బంటు ఎక్కువ. కానీ పది ఎత్తుల్లో బిషప్ మూడుసార్లు, గుర్రం నాలుగుసార్లు కదిలాయి. మిగిలిన పావులు నిద్ర లేవలేదు. నల్లపావులకు రెండు గుర్రాలు, ఒక బిషప్ బయట ఉన్నాయి, ఇ4 బంటు తెల్లపావుల గొంతు మీద కూర్చుంది. బంటు పోయింది గానీ ఆట తమ చేతిలో ఉంది. ఇది గెలిచిన స్థితి కాదు, ఓడిన స్థితీ కాదు. 1890-91లో స్టెయినిట్జ్, రష్యన్ మాస్టర్ మిఖాయిల్ చిగోరిన్ టెలిగ్రాఫ్ ద్వారా ఆడుకున్న మ్యాచ్‌లో ఈ లైన్ (ఎత్తుల వరుస) మీదే పందెం పడింది. తెల్లపావులతో స్టెయినిట్జ్ తన గుర్రాన్ని ఎఫ్3కి కాకుండా హెచ్3 అంచుకు పంపాడు. గెలుపు చిగోరిన్‌దే. డెబ్బై ఏళ్ల తర్వాత ఫిషర్ బిస్‌గయర్ మీద వాడింది ఆ హెచ్3 ఎత్తునే, ఈసారి గెలుపు తెల్లపావులది. ఒకే లైన్ అటూ ఇటూ గెలిపిస్తోందంటే ఆడటానికి సరుకు ఉన్నట్టే.

మన గేమ్‌కు వద్దాం. ఆరో ఎత్తుకు తెల్ల గుర్రం ఎఫ్7 మీద పడింది. క్వీన్‌ను, రూక్‌ను ఒకేసారి బెదిరిస్తోంది కాబట్టి రాజు దాన్ని తినక తప్పదు. దీన్నే ఫ్రైడ్ లివర్ అటాక్ అంటారు. పక్క బోర్డుల వాళ్లు కూడా తలలు తిప్పి చూసే ఎత్తు ఇదే. గుర్రాన్ని ఇచ్చేసి రాజును బజారుకు లాగడం కన్నా పిల్లలకు కిక్కిచ్చేది ఇంకేముంటుంది? అయితే థియరీ ఏనాడో చెప్పింది: ఈ చోట గుర్రం బలి కన్నా డి4 బంటు తోసే ఎత్తే గట్టిది. దానికి పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ రచయిత లోల్లి పేరు మీద లోల్లి అటాక్ అని పేరు. డి4తో సి1 బిషప్‌కు దారి తెరుచుకుంటుంది. నల్ల బంటు డి4ను తింటే తెల్లపావులు క్యాస్లింగ్ చేసి రూక్‌ను ఇ1కు తెస్తాయి. గుర్రం బలి ఎక్కడికీ పోదు, మరింత సాయంతో తర్వాత వస్తుంది. తెల్లపావుల పిల్లవాడికి ఈ సంగతి తెలియకపోవడం వింతేమీ కాదు, వీడియోల్లో హిట్లు వచ్చేది గుర్రం బలికే.

ఏడో ఎత్తుకు క్వీన్ ఎఫ్3లోకి వచ్చి చెక్ ఇచ్చింది. ఆ చెక్‌తో పాటు డి5 గుర్రం మీద రెండో చూపు పడింది. రాజుకు ఇ6 తప్ప గౌరవప్రదమైన గడి లేదు. జి8కి పారిపోతే బిషప్ డి5ను తింటూ చెక్ ఇస్తుంది. క్వీన్‌తో ఆ బిషప్‌ను తింటే తెల్ల క్వీన్ ఆ క్వీన్‌ను తింటూ మళ్లీ చెక్ ఇస్తుంది. ఇ6లో నల్ల బిషప్ అడ్డం పడితే దాన్నీ తిని ఆట కట్టిస్తుంది. ఇ8కి వెళ్తే గుర్రం ఊరికే పోతుంది, పైగా ఎఫ్7లో ఆట కట్టే బెదిరింపు మిగులుతుంది. కాబట్టి రాజు ముందుకే నడవాలి. ఎదుటి సైన్యం వైపు తన రాజును తానే నడిపించుకోవడానికి గుండె ధైర్యం కావాలి. ఈ గేమ్‌లో నల్లపావుల ఆటగాడు ఆ ధైర్యం చేశాడు. నిజానికి అయిదో ఎత్తు నుంచి అతను వేసిన మంచి ఎత్తు అదొక్కటే.

ఎనిమిదో ఎత్తుకు తెల్ల గుర్రం సి3కి వచ్చింది. డి5 గుర్రం మీద ఇప్పుడు మూడు చూపులు: బిషప్, క్వీన్, గుర్రం. పైగా అది రాజుకు, బిషప్‌కు మధ్య పిన్ అయి ఉంది, అంటే కదిలితే వెనకున్న రాజు బయటపడుతుంది కాబట్టి కదలడానికి వీల్లేదు. దాన్ని కాయాల్సింది సి6లోని రెండో గుర్రం. అది రెండు గడుల నుంచి కాయగలదు, ఒకటి బి4, ఇంకొకటి ఇ7. రెండో చీలిక ఇదే, గేమ్‌కు అసలు కీలకం కూడా ఇదే.

బి4కు వెళితే డి5ను కాస్తూనే సి2 బంటు మీదకు దూకుతానని బెదిరిస్తుంది. సి2లో పడితే రాజుకు చెక్, ఏ1లోని రూక్‌కు గండం, రెండూ ఒకేసారి. తెల్లపావులు ఆగి, తమ ఇల్లు చూసుకోవాలి. ఇ7కు వెళితే డి5ను కాస్తుంది, అంతే. ఎవరినీ బెదిరించదు. పైగా ఎఫ్8లోని సొంత బిషప్‌కు అడ్డం కూర్చుంటుంది. ఆ బిషప్ కదలకపోతే హెచ్8 రూక్ కూడా ఆటలోకి రాలేదు. ఒక్క ఎత్తుతో మూడు పావులు మూల పడ్డాయి.

నల్లపావులు ఇ7నే ఎంచుకున్నాయి. ఎందుకంటే అది రాజుకు దగ్గరగా ఉంది, చూడటానికి గోడ కట్టినట్టు ఉంటుంది. టెన్షన్‌లో ఉన్న చెయ్యి రాజు చుట్టూనే తిరుగుతుంది. అమెచ్యూర్ ఆటలో ఓటములకు సగం కారణం లెక్క తప్పడం కాదు, ఈ దగ్గరితనం మీద మోజే.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. ఈ గేమ్‌లో పన్నెండో తెల్ల ఎత్తు దాకా ఉన్న ప్రతి ఎత్తూ 1610 ప్రాంతంలో రోమ్‌లో జరిగిన ఓ గేమ్‌లో ఉన్నదే. తెల్లపావులతో ఆడినవాడు జూలియో చెజారే పొలేరియో, ఎదుట ఉన్నవాడు దొమెనికో. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్న రోజులవి. ఆ గేమ్‌ను ఎన్నడూ చూడని ఇద్దరు హనుమకొండలో ప్లాస్టిక్ బోర్డు మీద దాన్ని అచ్చు గుద్దినట్టు మళ్లీ ఆడారంటే అది జ్ఞాపకశక్తి కాదు. సహజంగా తోచే ఎత్తులు నాలుగు శతాబ్దాలైనా అవే. ఇంకో చమత్కారం: నల్లపావులను కాపాడే ఆ ఏ5 గుర్రం లైన్‌కు కూడా పొలేరియో పేరే ఉంది. మందూ విషమూ ఒకే కొట్లో దొరికినట్టు.

మన పాత పద్ధతి చదరంగంలో అయితే ఈ దాడికి ఇంత వేగం ఉండదు. ఊళ్లలో అరుగుల మీద పెద్దలు ఆడే ఆటలో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే కదులుతుంది. ఇ4, ఇ5 అని ఎదురెదురుగా రెండు గడులు తోసుకోవడం ఉండదు కాబట్టి బిషప్, గుర్రం కలిసి నాలుగో ఎత్తుకే ఎఫ్7 ముందు వాలలేవు. ఆ ఆట నెమ్మదిగా కూడగట్టుకునే ఆట. 1850ల్లో కలకత్తాలో స్కాట్లండ్ వాడైన జాన్ కోక్రేన్‌తో ఆడిన మహేశ్‌చంద్ర బెనర్జీ డి6, జి6 అంటూ ఒక్కో గడి తోసి, బిషప్‌ను పక్క నుంచి తెచ్చే పద్ధతి అక్కడిదే. ఇవాళ ప్రపంచం ఇండియన్ డిఫెన్సులని పిలిచేవాటికి మూలాలు అలాంటి ఆటల్లో ఉన్నాయి. తాత దగ్గర చదరంగం నేర్చుకుని టోర్నీకి వచ్చిన పిల్లవాడు ఈ ఇటాలియన్ దెబ్బకు తట్టుకోలేకపోవడంలో ఆశ్చర్యం లేదు, అతను నేర్చిన ఆటలో ఇంత తొందర లేదు.

తొమ్మిదో ఎత్తుకు డి4 వచ్చింది. ఇ7 గుర్రం కట్టిన గోడకు పగుళ్లు ఇక్కడి నుంచే. నల్లపావులు సి6తో డి5కు ఇంకో కాపలా పెట్టాయి. పదో ఎత్తుకు తెల్ల బిషప్ జి5కు వచ్చి ఇ7 గుర్రాన్ని దాని వెనకున్న క్వీన్‌తో కలిపి పిన్ చేసింది. కాపలా గుర్రమే ఇప్పుడు కట్టుబడిపోయింది. హెచ్6తో బిషప్‌ను పొమ్మంటే అది వెళ్లలేదు, ఇ7 గుర్రాన్ని తినేసింది. కాపలాదారుడు పోయాడు. బిషప్‌తో తిరిగి తిన్నా డి5 చుట్టూ ఉన్న లెక్క మారిపోయింది. పన్నెండో ఎత్తుకు క్వీన్ వైపు క్యాస్లింగ్‌తో తెల్ల రాజు పక్కకు తప్పుకుంది, రూక్ ఒక్క ఎత్తు వృథా కాకుండా డి గడుల వరుసలోకి వచ్చింది. ఆ వరుసలో డి4 బంటు తొలగితే చాలు, నాలుగో చూపు కూడా డి5 మీదే.

లెక్కకు చూస్తే ఈ స్థితిలో నల్లపావులకు ఒక పావు ఎక్కువ, తెల్లపావులకు ఒక బంటు ఎక్కువ. ఫోన్‌లో ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రాం) పెట్టి చూసేవాళ్లు అంకె చూసి తెల్లపావులు గెలుస్తున్నాయని చెప్పేసి వెళ్లిపోతారు. ఆ అంకె ఎందుకొచ్చిందన్నదే తెలుసుకోవాల్సింది. నల్ల రాజు ఇ6లో నిలబడి ఉంది. ఏ8 రూక్, సి8 బిషప్ పుట్టిన గడుల్లోనే ఉన్నాయి. ఒక పావు ఎక్కువన్నది కాగితం మీదే, గొడవ జరిగే చోట లెక్కపెడితే తక్కువే.

మూడో చీలిక ఇక్కడ. రోమ్ గేమ్‌లో దొమెనికో హెచ్ రూక్‌ను ఎఫ్8కి తెచ్చాడు. అది తెల్ల క్వీన్‌ను తాకింది, క్వీన్ ఇ4కు జరిగాక ఎఫ్2 బంటును తినేసింది. ఆ గేమ్ కూడా చివరకు పోయింది గానీ ఎదుటివాడికి కొంత పని పెట్టాడు. హనుమకొండ గేమ్‌లో నల్ల క్వీన్ డి6కు వచ్చింది. ఇ5 బంటునూ, డి5 గుర్రాన్నీ ఒక్క పావుతో కాయాలనే ఆలోచన. పాపం, వేసినవాడికి మహా పొందికైన ఎత్తుగా తోచి ఉంటుంది.

పదమూడో ఎత్తుకు డి4 బంటు ఇ5ను తిని నల్ల క్వీన్ ఎదుటే నిలబడింది. ఇక నల్లపావులకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాజుతో ఆ బంటును తిందామంటే, హెచ్1 రూక్ ఇ1కు వచ్చి చెక్ ఇస్తుంది. అప్పుడు రాజుకు కదలడానికి గడే ఉండదు. ఎఫ్ గడులన్నీ తెల్ల క్వీన్ చేతిలో, డి4 రెండో రూక్ చేతిలో, ఇ గడులు చెక్ ఇచ్చిన రూక్ చేతిలో ఉన్నాయి, డి6లో సొంత క్వీన్ కూర్చుంది. డి5 గుర్రం ఇ3లో అడ్డం పడటం ఒక్కటే దారి. అది కదలగానే డి వరుస తెరుచుకుని తెల్ల రూక్‌కు నల్ల క్వీన్ దొరికిపోతుంది. పోనీ క్వీన్ డి8కి తగ్గితే, డి5 గుర్రం పోతుంది, పోయిన పావును తెల్లపావులు బంట్ల లాభంతో సహా రాబట్టుకుంటాయి.

గేమ్‌లో జరిగింది మూడోది, అన్నింటికన్నా సహజమైనది. క్వీన్ ఇ5ను తినేసింది. ఒక్క క్షణం నల్లపావులకు ఊపిరి ఆడినట్టు ఉంటుంది. బంటు దొరికింది, క్వీన్ నడిమధ్యలో ఉంది. వెంటనే హెచ్1లోని రూక్ ఇ1లోకి నడిచింది. క్వీన్ వెనక రాజు, ఎదురుగా రూక్. క్వీన్ పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు. జి5కు వెళ్లి చెక్ ఇద్దామన్నా నియమం ఒప్పుకోదు, రాజు బయటపడిపోతుంది. ఇ7 బిషప్‌తో జి5లో ఒక చెక్ ఇవ్వొచ్చు గానీ తెల్ల రాజు బి1కి జరిగితే సమస్య అక్కడే ఉంటుంది. చివరకు క్వీన్‌ను రూక్‌కు ఇచ్చుకోవాల్సి వచ్చింది. మిగిలింది కోత కోయడమే: డి5 గుర్రం పోయింది, క్వీన్ చెక్‌తో దిగింది, ఇ7 బిషప్ పోయింది. పద్దెనిమిదో ఎత్తుకు తెల్లపావుల దగ్గర క్వీన్, రూక్, బిషప్, ఆరు బంట్లు ఉన్నాయి. నల్లపావులకు ఆట మొదలైనప్పుడు ఉన్న గడుల నుంచి కదలని రెండు రూక్‌లు, ఒక బిషప్, నాలుగు బంట్లు మిగిలాయి. కదలని ఆ మూడు పావులను చూస్తే గేమ్ కథ మొత్తం తెలిసిపోతుంది.

ఇప్పుడు తీర్పు చెప్పాలంటే, అయిదో ఎత్తు తప్పే గానీ చావు దెబ్బ కాదు. ఎనిమిదో ఎత్తు దగ్గర బి4కు వెళ్లి ఉంటే తెల్లపావులు ఆలోచించక తప్పేది కాదు. ఆట అప్పటికి కంఠస్థం దాటిపోయేది. ఇ7 ఎత్తుతో నల్లపావులు తెల్లపావులకు ఇచ్చిన అసలు బహుమతి గుర్రం కాదు, తేలికైన ఎత్తులు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెల్లపావులు వేసినవన్నీ ఎవరికైనా తోచేవే. బంటు తోయడం, బిషప్‌ను బయటికి తేవడం, తినడం, క్యాస్లింగ్. ఎనిమిది ఎత్తులు బట్టీ పట్టిన పిల్లవాడు మిగతావి థియరీ తెలియకుండానే సరిగ్గా ఆడగలిగాడంటే, ఆడనిచ్చినవాడు ఎదుటివాడే.

వరంగల్‌లో ఈ పదేళ్లలో చెస్ క్లాసులకు పంపే ఇళ్లు పెరగడానికి ఒక కారణం అందరికీ తెలిసిందే. 2003లో వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2018లో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో మూడో బోర్డు మీద ఆడి వ్యక్తిగత స్వర్ణం కూడా తెచ్చాడు. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే జాబితాలో 2801 రేటింగ్‌తో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. అంతటివాడు మన ఊరివాడైతే పిల్లలకు ఉత్సాహం రావడం మంచిదే. కానీ చిన్న వయసు ట్రోఫీల తొందరలో ఎక్కువగా నేర్పేది ట్రాపులు. అండర్-9లో అవి నిజంగానే పనిచేస్తాయి, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నవాడు కూడా చేతికి తోచిందే వేస్తాడు. ఆ ట్రోఫీలు చూసి తల్లిదండ్రులు మురిసిపోతారు, కోచ్‌కు పేరొస్తుంది. అండర్-13కు వచ్చేసరికి కరీంనగర్ నుంచో మంచిర్యాల నుంచో వచ్చిన ఓ పిల్లవాడు తొణక్కుండా గుర్రాన్ని ఏ5లో పెడతాడు. అప్పటిదాకా నేర్చుకున్నదానికి అక్కడ తెర పడుతుంది.

ఇంకో చిన్న విషయం. తక్కువ సమయంలో ముగించే ర్యాపిడ్ గేముల్లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు. అందుకని చాలామంది రాయరు. ఓడిన గేమ్ స్కోర్‌షీట్ లేకపోతే ఇంటికి వచ్చేసరికి జ్ఞాపకం ఉండేది ఎఫ్7 బలి ఒక్కటే, ఎనిమిదో ఎత్తు దగ్గర గుర్రం ఎటు వెళ్లిందో గుర్తుండదు. ఓటమి కారణం ఉన్నది అక్కడే మరి.

నల్లపావులతో ఆడేవాళ్లకు దీని నుంచి తేలే పని చాలా చిన్నది. గుర్రం ఏ5 లైన్‌ను బిషప్ డి6 దాకా పది ఎత్తులు నేర్చుకుంటే చాలు. అది ఇష్టం లేనివాళ్లు మూడో ఎత్తుకే బిషప్ సి5 ఆడి ఈ గొడవ మొత్తం తప్పించుకోవచ్చు. బంటు పోగొట్టుకుని ఆడటం మనసుకు నచ్చని స్వభావం ఉన్నవాళ్లకు రెండోదే మేలు.

తెల్లపావుల పిల్లవాడికి మాత్రం పని ఎక్కువ మిగిలింది. గెలిచాడు కాబట్టి ఎవరూ చెప్పరు గానీ, వచ్చే టోర్నీలో ఎదుటివాడు బి4లో గుర్రం పెడితే తొమ్మిదో ఎత్తుకు ఏం వేయాలో అతనికి తెలియదు. చూడాల్సిన మొదటి ఎత్తు క్వీన్ ఇ4. అక్కడి నుంచి అది సి2ను కాస్తుంది, ఇ5 బంటు మీద కన్నేస్తుంది, డి5 మీద చూపు వదలదు. నల్లపావులు సి6తో గుర్రాన్ని బలపరిస్తే ఏ3తో బి4 గుర్రాన్ని ఏ6కు తరిమి, తర్వాత డి4తో మధ్యను తెరవాలి. అప్పటికీ ఒక పావు తక్కువే, అప్పటికీ గెలుపు ఖాయం కాదు. ఆ స్థితిని బోర్డు మీద పెట్టుకుని రెండు వైపులా ఆడి చూడకుండా ఆరో ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్7లో పడేయడం కన్నా, డి4 నేర్చుకోవడమే తక్కువ శ్రమ.